వెంటిలేటరుకు కొట్టిన యూరియా సంచి

కార్తీకమాసంలో ఒక సోమవారం, ఉదయం తొమ్మిదిన్నరకి, బుడే తల పేరయ్యగారింటి స్నానాలగది వెంటిలేటర్లో ఇరుక్కుంది. ఒళ్ళంతా లోపల స్టూలు మీద ఉంది. తల ఒక్కటీ బయట, సందు వైపు ఉంది. వెంటిలేటరుకున్న నాలుగు గాజు పలకలూ పీకేసి, బయట కందిరీగల గూడు లాంటిదేదైనా గాలికి అడ్డం ఉందేమో చూద్దామని అతను తల బయటికి పెట్టాడు. పెట్టడం సులువుగానే అయింది. వెనక్కి తీయబోతే చెవులు ఒప్పుకోలేదు.

సందులో పోయేవాళ్ళు గోడలోంచి మొలిచిన తలని చూసి పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఒకాయన సైకిలు ఆపి, "ఏం బుడే, మా స్టవ్వు చూస్తానని రాలేదే?" అని అడిగాడు. "ఇక్కడ పని అవగానే వస్తానన్నా," అన్నాడు బుడే, మర్యాదగా. పేరయ్య భార్య హనుమాయమ్మ ఆముదం గిన్నె పట్టుకుని సందులోకి వచ్చి, చెవులు రెండింటికీ దట్టంగా పట్టించింది. కూతురు కోటేశ్వరి అప్పుడు డిగ్రీ చదువుతోంది. తల్లి ఆముదం పట్టిస్తున్నంత సేపూ ఆ పిల్ల పక్కన నిలబడి ఫోన్లో ఫోటోలు తీసింది. పదిన్నరకి తల వదిలింది. బుడే ఆముదం తుడుచుకుని, గ్యాస్ గీజరు బిగించి, వేణ్ణీళ్ళు వస్తున్నాయని చూపించి, టీ తాగి వెళ్ళాడు.

బుడేకి అప్పుడు యాభై ఏళ్ళు. మార్టూరులో చిన్న కొట్టు. మొదట్లో కిరసనాయిలు స్టవ్వులకు పిన్నులు మార్చేవాడు. ఊళ్ళలోకి గ్యాసు వచ్చాక గ్యాసు స్టవ్వుల వైపు తిరిగాడు. తరవాత నాలుగు డబ్బులున్న రైతులు గీజర్లు కొనడం మొదలెడితే, వాటిని గోడకి బిగించే పనీ అతనికే వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళలో అందరితోనూ వరసలు కలిపేశాడు. హనుమాయమ్మ అతనికి అక్క, కాబట్టి పేరయ్య బావ. కోటేశ్వరి పుట్టినప్పటినుంచీ అతన్ని మావయ్యా అనే పిలుస్తుంది.

ఆ రోజు వెంటిలేటరు దగ్గరికి రాకముందు చిన్న వాదన జరిగింది. గీజరు బయట గోడకి పెట్టి, గొట్టం లోపలికి ఇద్దామన్నాడు బుడే. పేరయ్య ఒప్పుకోలేదు.

"బయట పెడితే ఎవడు చూస్తాడ్రా? ఇంటికొచ్చిన చుట్టం నీళ్ళు పోసుకోడానికెళ్తే గీజరు కనపడాలా, వద్దా?"

"కనపడితే ఏంది బావా, మండేది నిప్పు. అది కూడా మనలాగే ఊపిరి పీలుస్తది. చిన్న గదిలో ఇద్దరికీ గాలి చాలదు."

"వెంటిలేటరు ఉంది గదా."

"ఉంది. దాని అద్దాలు తీసేస్తా. మళ్ళీ పెట్టబాకండి. చలేసినా మూయబాకండి."

"మూయం లేరా," అన్నాడు పేరయ్య. బుడే లోపలే బిగించాడు. అంతదాకా వచ్చి, ఆ ఒక్క చోట పట్టు వదిలేశాడు.

రెండేళ్ళు ఏమీ కాలేదు. కోటేశ్వరికి పెళ్ళయింది, సింగరాయకొండ కాపరానికి వెళ్ళింది, పురుటికి పుట్టింటికి వచ్చింది, ఆడపిల్లని కంది. అప్పటికి ఫిబ్రవరి. మిరప కోతలు ముమ్మరంగా ఉన్నాయి. పేరయ్య ఇంటి వెనకే కళ్ళం. ఎకరం స్థలంలో ఎర్రగా ఆరబోసిన కాయ. ఎండ ఎక్కేకొద్దీ, కూలీలు కాయ తిరగేసి సంచుల్లో తొక్కేకొద్దీ, ఘాటు లేచి ఇళ్ళ మీద పడుతుంది. కళ్ళం పక్కన కాపరం ఉండేవాళ్ళు ఆ రెండు నెలలూ ఇల్లు మొత్తం మూసేస్తారు. కిటికీలకు యూరియా సంచులు కొడతారు, తలుపుల కింద తడిగుడ్డలు కుక్కుతారు. అది తప్పని ఆ ఊళ్ళో ఎవరూ అనుకోరు. మూయనివాళ్ళనే పిచ్చివాళ్ళంటారు.

దానికి తోడు ఆ ఏడు పేరయ్య ఇంట్లో బాలింత ఉంది. బాలింతకి చలిగాలి సోకకూడదు. ఒంటి మీద వేడివేడి నీళ్ళు కాపడం పెట్టినట్టు పోయాలి. అరగంటన్నా పోయాలి.

ఆ శుక్రవారం ఉదయం బుడే మార్టూరులో, రాయి పాలిషింగు పనిచేసే వాళ్ళ గదుల దగ్గర ఒక స్టవ్వు బర్నరు శుభ్రం చేస్తున్నాడు. ఫోను మోగింది. హనుమాయమ్మ.

"బుడే, సాయంత్రం ఒకసారి వచ్చిపోరాదూ. గీజరు సరిగా మండట్లా."

"ఏమైందక్కా?"

"మంట పచ్చగా వస్తంది. పైన గోడంతా నల్లగా మసి. నీళ్ళు కూడా మునుపట్లా కాగట్లా. రేపు బారసాల పెట్టుకున్నాం, చుట్టాలొస్తారు, ఆ మసి చూస్తే ఏమనుకుంటారు?"

బర్నరు మీద బ్రష్షు ఆగింది. గీజరు మంట నీలంగా ఉండాలి. గాలి అందనప్పుడు పచ్చబడుతుంది.

"అక్కా, వెంటిలేటరు తెరిచే ఉందిగా?"

"కళ్ళం అటుపక్కేగదరా, ఎట్టా తెరుస్తాం? సంచి కొట్టించాడు మీ బావ. రెండు మడతలేసి కొట్టించాడు."

"తీసేయండక్కా, ఇప్పుడే తీసేయండి. గీజరు వెలిగించబాకండి. కోటమ్మ ఎక్కడుంది?"

"నీళ్ళు పోసుకోడానికి వెళ్ళింది. రోజూ సంతోషకుమారి వచ్చి పోసేది, అది ఇవాళ మిరపకోతకి పొయ్యింది. సర్లే, తనే పోసుకుంటానంది."

"ఎంతసేపైంది వెళ్ళి?"

"నాకేం తెలుసు, చంటిది ఒళ్ళో ఉంటేను. తలంటు గదా, చాలా సేపే అయింది. ఆ గీజరు కూడా మజ్జమజ్జలో ఆరిపోతంది, కుళాయి కట్టేసి తిప్పితే మళ్ళీ వెలుగుతంది. అదొకటి చూడాలి నువ్వు."

ఇరవై నిమిషాలు మండాక గీజరు తనంతట తనే ఆరిపోతుంది. చేసినవాడు ప్రాణాలకోసం పెట్టిన ఏర్పాటు అది. వీళ్ళు దాన్ని జబ్బు అనుకుని, విరుగుడు కనిపెట్టారు.

"అక్కా, ఒక్కమాట చెప్పు. కోటమ్మకి తలనొప్పి ఏమైనా వస్తందా?"

"ఎందుకు రాదూ? స్నానం చేసొచ్చిన కాడినుంచి తల తిరుగుడూ, వాంతులూ. మజ్జానానికి సర్దుకుంటది. బాలింత నీరసం. దిష్టి కూడా తీస్తన్నా."

"అది నీరసం కాదక్కా. లేచి తలుపు తీయించు. అమ్మాయిని బయటికి తీసుకురా."

"ఒళ్ళు తడిగా ఉండగా బాలింతని గాల్లోకి తీసుకురావాలా? నీకు మతుందా?"

"తీసుకురాకపోతే అమ్మాయి దక్కదక్కా."

హనుమాయమ్మ గొంతు మారింది. "రేపు బారసాల పెట్టుకుంటే ఇయ్యా నువ్వనే మాటలు? సాయంత్రం కూడా రావొద్దులే," అని ఫోను పెట్టేసింది.

మళ్ళీ చేశాడు. మోగి మోగి ఆగింది. చంటిపిల్ల లేస్తుందని ఆమె ఫోను సౌండు తీసేసి పక్కన పడేసిన సంగతి అతనికి తరవాత తెలిసింది. పేరయ్యకి చేశాడు. పేరయ్య చొక్కా విప్పి ఇంట్లో కొక్కేనికి తగిలించి కళ్ళంలో ఉన్నాడు, ఫోను ఆ చొక్కా జేబులో ఉంది. అదీ తరవాతే తెలిసింది.

బుడే బర్నరు అక్కడే వదిలేసి టీవీఎస్ ఎక్కాడు. పేరయ్య ఊరు ఆరు కిలోమీటర్లు.

మొదటి కిలోమీటరులోనే రోడ్డుకడ్డంగా ట్రైలరు. గదంత రాయి ఎక్కించుకుని, పాలిషింగు యూనిట్లోకి వెనక్కి తిరుగుతోంది. డ్రైవరు అంగుళం అంగుళంగా తిప్పుతున్నాడు. బుడే దిగి, బండిని మురుగుకాలవ గట్టు మీదుగా తోసుకుంటూ అవతలికి చేరాడు. చెప్పొకటి బురదలో ఉండిపోయింది. దాని కోసం ఆగలేదు.

ఊరి దారి మళ్ళాక తారురోడ్డులో సగం మిరపకాయే. మిగతా సగంలో బళ్ళు. గ్యాసు లీకైతే కంపు కొడుతుంది, పక్కింటివాళ్ళకి కూడా తెలుస్తుంది. ఇది అట్లా కాదు. గాలి చాలక సగం సగం మండిన మంటలోంచి వచ్చేదానికి వాసన లేదు, రంగు లేదు. ముందు తలనొప్పి, తరవాత నిద్ర. ఎవరికీ అనుమానం రాదు. అనుమానం రావలసినవాడు తనొక్కడే. రెండేళ్ళుగా ఆ ఇంటికి వస్తూ పోతూ ఉన్నాడు, టీ తాగాడు, మిరప కాలంలో ఒక్కసారైనా సందులోకి వెళ్ళి ఆ వెంటిలేటరు వంక చూడలేదు. చూడకపోవడానికి కారణం పెద్దదేం కాదు. సందులోకి పోతే ఎవరో ఒకరు ఆముదం సంగతి ఎత్తుతారు.

చెరుకుబండి పట్టేంత వెడల్పున్న చోట రెండు వైపులా కాయ పరిచి ఉంది. నడిమిన ట్రాక్టరు ఆగి ఉంది. బుడే పుట్టి బుద్ధెరిగాక ఎవరి కాయా తొక్కలేదు. ఆ రోజు బండి మిరపకాయ మీదుగానే పోనిచ్చాడు. కింద కాయలు పటపట చిట్లాయి.

"ఒరేయ్, కళ్ళు దొబ్బినయ్యా?" అని వెనకనుంచి కేక.

"తరవాతొచ్చి తిట్టించుకుంటా," అన్నాడు బుడే, తల తిప్పకుండా. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఘాటుకే.

పేరయ్య ఇంటి వసారాలో హనుమాయమ్మ గోడకానుకుని కూచుని ఉంది. ఒళ్ళో పిల్ల. పక్కన సాంబ్రాణి కుంపటి. బుడేని చూడగానే వేలు పెదవుల మీద పెట్టుకుంది, పిల్ల లేస్తుందన్నట్టు.

"వచ్చిందా బయటికి?"

"ఇంకా లేదు. నేను రావొద్దన్నాగదా?"

బుడే సందులోకి పరుగెత్తాడు. సిలిండరు బయటే ఉంది, అది మాత్రం పట్టుబట్టి బయట పెట్టించాడు. రెగ్యులేటరు కట్టేశాడు. తల ఎత్తి చూస్తే వెంటిలేటరుకు రెండు మడతల యూరియా సంచి, చుట్టూ చెక్కబద్దలు, బద్దకి నాలుగేసి మేకులు. పేరయ్య పని ఎప్పుడూ గట్టిగానే చేస్తాడు. బుడే పానా దూర్చి బద్ద లేపాడు. మేకు గీరుకుని అరచెయ్యి చీలింది. సంచి ఒక పక్క ఊడింది. లోపలినుంచి వేడిగాలి మొహానికి కొట్టింది.

"కోటమ్మా."

లోపల నీళ్ళ చప్పుడు. బకెట్టు నిండి, పొర్లి, నేలమీద పడుతున్న చప్పుడు. అతను ఊపిరి బిగబట్టి విన్నాడు. మగ్గు చప్పుడు లేదు.

హనుమాయమ్మ పిల్లని భుజానేసుకుని వెనకాలే వచ్చింది. "ఆడకూతురు నీళ్ళు పోసుకుంటుంటే కంతలోంచి పిలుస్తావేంట్రా, సిగ్గులేకుండా?"

"సరే, నువ్వే పిలువక్కా. పలికితే నేను పోతా."

ఆమె పిలిచింది. "కోటేశ్వరీ." ఆగి, ఇంకాస్త గట్టిగా పిలిచింది. మూడోసారి అరిచినట్టే పిలిచింది. భుజం మీద పిల్ల లేచి గుక్కపట్టింది. పిల్ల ఏడుపుకు కూడా లోపలినుంచి ఏ చప్పుడూ రాలేదు.

"తలుపు పగలగొట్టరా," అంది హనుమాయమ్మ.

ఇద్దరూ ఇంట్లోకి పరుగెత్తారు. ప్లాస్టిక్ తలుపు. కింద తడి గోనెపట్టా కుక్కి ఉంది. కుక్కింది హనుమాయమ్మే. దాన్ని ఆమే లాగి అవతల పారేసింది. బుడే గడియ దగ్గర కాలితో రెండు తన్నులు తన్నాడు. మూడో తన్నుకి గడియ విరిగింది. తలుపు జానెడు తెరుచుకుని ఆగిపోయింది. వెనక ఏదో అడ్డం ఉంది. మెత్తగా ఉంది.

ఇక్కడ బుడే చేసిన పని అతని పెళ్ళాం జైనాబీ ఇప్పటికీ అందరికీ చెబుతుంది. అతను కళ్ళు గట్టిగా మూసుకుని లోపలికి దూరాడు. బాలింతరాలు, ఒంటిమీద గుడ్డ ఉంటుందో ఉండదోనని. కళ్ళు మూసుకున్నవాడికి గీజరు కనపడదు గనక నుదురు దానికే కొట్టుకుంది. ఆ బొప్పి వారం రోజులుంది. కళ్ళు మూసుకునే ఉన్నాననడానికి అదే సాక్ష్యమని అతను అడగనివాళ్ళకి కూడా చూపించాడు.

"అక్కా, చీరెయ్యి. వేశావా?"

"వేశా, వేశా. లాగు."

కోటేశ్వరి చంకల కింద చేతులు వేసి బుడే, కాళ్ళు పట్టుకుని హనుమాయమ్మ. పిల్ల వసారాలో చాప మీద ఏడుస్తోంది. ఘాటు కళ్ళం వైపునుంచి వస్తుంది కాబట్టి వాళ్ళు ఆమెని వాకిట్లోకి, రోడ్డు వైపు గాలిలోకి తెచ్చి పడుకోబెట్టారు. మొహం పాలిపోయింది. తల ఎటు తిప్పితే అటు వాలిపోతోంది. బుడే ఆమె ముక్కు దగ్గర చెయ్యి పెట్టాడు. చీలిన అరచేతికి ఏమీ తెలియలేదు. చెంప ఆనించాడు. సన్నగా, ఆగి ఆగి, వెచ్చగా తగిలింది.

"ఉంది. ఊపిరుంది."

నూటెనిమిదికి ఫోను చేస్తుండగా కళ్ళంలోంచి పేరయ్య పరుగెత్తుకొచ్చాడు. మొహానికి తువ్వాలు, మోచేతులదాకా మిరప పొడి. కూతురి దగ్గర మోకాళ్ళమీద కూలబడి చేతులు చాచాడు.

"ముట్టుకోబాక బావా. నీ చేతులకి కారం."

పేరయ్య చేతులు గాల్లోనే ఆగిపోయాయి. ఆ మనిషి అట్లాగే ఉండిపోయాడు, చేతులు రెండూ ఒంటికి దూరంగా చాచి పట్టుకుని, కూతురికి జానెడు దూరంలో. కడుక్కొద్దామన్నా లేచి వెళ్ళలేకపోయాడు. హనుమాయమ్మ కూతురి అరిపాదాలు రుద్దుతోంది. బుడే కాగితం అట్టతో విసురుతున్నాడు. వసారాలో పిల్ల ఇంకా ఏడుస్తోంది.

చాలా సేపటికి కోటేశ్వరి మెడ కదిలింది. పక్కకి తిరిగి భళ్ళున వాంతి చేసుకుంది. ఒంటిమీద కప్పిన తల్లి చీరంతా పాడైంది. చీర పాడైనందుకు హనుమాయమ్మ జీవితంలో అంత సంతోషం ఎప్పుడూ పడలేదు.

అంబులెన్సులో బుడే కూడా ఎక్కాడు, ఒంటి చెప్పుతో. ఒంగోలులో డాక్టరమ్మ ఏమైందని అడిగితే, "బాలింత, నీరసం," అని హనుమాయమ్మ మొదలెట్టింది. బుడే అడ్డం పడ్డాడు. "గ్యాస్ గీజరమ్మా. తలుపులన్నీ మూసున్నయ్యి. గాలి లేదు." డాక్టరమ్మ ఇంకో ప్రశ్న అడక్కుండా ఆక్సిజన్ పెట్టించింది. ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే చెప్పలేకపోయేదాన్నని తరవాత అంది. సాయంత్రానికి కోటేశ్వరి కళ్ళు తెరిచి, పిల్ల పాలు తాగిందా అని అడిగింది. తరవాత బుడే నుదుటి బొప్పి వంక చూసి, "మావయ్యా, మళ్ళీ ఎక్కడ ఇరుక్కున్నావు?" అంది. బుడే వరండాలోకి పోయి, గోడ వైపు తిరిగి కాసేపు నిలబడ్డాడు.

పేరయ్య బయటికి వచ్చి పక్కన నిలబడ్డాడు. "నువ్వు చెప్తే నేనే వినలేదురా," అన్నాడు.

"నువ్వు వినకపోతే నేను బిగించకుండా పోవాల్సింది బావా. బిగించా గదా," అన్నాడు బుడే.

మర్నాడు వెళ్ళి గీజరు ఊడదీసి బయట గోడకి పెట్టాడు. గొట్టం లోపలికి ఇచ్చాడు. బారసాల రెండు వారాలకి జరిగింది. వచ్చిన చుట్టాలెవరూ గీజరు చూడలేదు.

ఆ తరవాత బుడే కొట్టు మూసేసి ఊళ్ళు తిరిగాడు. తను బిగించిన గీజర్లు ముప్పై ఒకటి. ఏ ఇంట్లో ఏ గోడకి పెట్టాడో అన్నీ గుర్తే. పదకొండు ఇళ్ళలో వెంటిలేటర్లకు సంచులున్నాయి. రెండిట్లో అట్టలు. ఒక ఇంట్లో దిండు.

అప్పటినుంచీ ఏటా జనవరి వస్తే అతని సంచిలో పానాలతో పాటు ఒక అగరొత్తుల కట్ట ఉంటుంది. స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకుని, వత్తి వెలిగించి, పొగ ఎటు పోతుందో చూస్తాడు. తలుపు కింద సందులోంచి గాలి వచ్చి పొగ పైనుంచి బయటికి పోతే సరే. గదిలోనే సుడి తిరుగుతూ నిలబడితే, ఆ ఇంట్లో టీ కూడా తాగకుండా పానా బయటికి తీస్తాడు. సాయిబు స్నానాలగదికి పూజ చేస్తున్నాడని ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతారు. గీజరు బయట పెట్టనంటే అసలు బిగించనంటాడు. "అయితే మార్టూరులో ఇంకోణ్ణి పిలుస్తాం," అంటారు. "పిలవండి, కాకపోతే వాడికి నా పేరు చెప్పండి," అంటాడు. ఆ ఇంకొకడి దగ్గరికి కూడా వెళ్ళి కూచుని వచ్చాడు. పొగ ఎక్కడ ఎట్లా తిరుగుతుందో వాడికీ చూపించాడు.

స్నానాలగది వెంటిలేటరు మూసే పద్ధతి ఇప్పటికి సగం ఇళ్ళలో పోయింది. మిగతా సగం ఇళ్ళలో అతను ఊడబీకి వెళ్ళాక మళ్ళీ కొడతారు. అతను మళ్ళీ ఊడబీకుతాడు. దాంతో మిరప కాలమంతా ఫిర్యాదులే.

ఈ ఏడు కూడా ఫిబ్రవరి రెండో వారంలో హనుమాయమ్మ ఫోను చేసింది. కోటేశ్వరి పిల్లని తీసుకుని పది రోజులుండిపోవడానికి వచ్చింది. కళ్ళంలో కాయ తొక్కుతున్నారు.

"ఏరా బుడే, నీ కంత ఏమోగానీ ఘాటంతా ఇంట్లోనే ఉంది. పొద్దున లేచిన కాడినుంచి ఒకటే తుమ్ములు. మీ బావ తుమ్ముతాడు, నేను తుమ్ముతా, మనవరాలు తుమ్ముతుంది. వండిన కూరలో కూడా తుమ్ములే. దీనికేమంటావు?"

తుమ్మేవాళ్ళ లెక్కలో కోటేశ్వరి లేదు. బుడే ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"కోటమ్మ కూడా తుమ్ముతోందా, అక్కా?"